గాలపుబెత్తమునకు వలయములు



బెత్తమును గూర్చి బడిపంతులు ప్రసంగించుట వింత కాదు. నేను బడిలో పనిచేసిన కాలమంతయు నా బల్లపై ఒక బెత్తము పడియుండెడిది. దానిని వాడినదానికంటె చూపినదే హెచ్చు. కాని నేడు నేను చెప్పబోవునది ఆ బెత్తము కాదు. సముద్రపుటొడ్డున నిలిచి, విఱిగిపడు కెరటములకు ఆవల ఎరను విసరుటకు వాడు గాలపుబెత్తము. అది మనిషికి ఇంచుమించు రెట్టింపు పొడవుండును. దాని వెంబడి వరుసగా చిన్న చిన్న వలయములు కట్టబడియుండును. చక్రమునందలి దారము ఆ వలయములలో దూరి కొనవఱకు పోవును. అమ్మువారు వీనిని గైడులందురు; అనగా దారమునకు దారి చూపునవి. ఈ వలయములను ఎట్లు ఎన్నుకొనవలయునన్నదే నేటి ప్రసంగవిషయము.

ఇంత చిన్న వస్తువునకు ఒక ప్రసంగమా యని మీలో కొందఱు అనుకొనవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. ఒక వలయము తప్పుగా నుండుటచే ఒక పసిబిడ్డకు వెంట్రుకవాసిలో అపాయము తప్పుట కన్నులార చూచినపిమ్మట నా అభిప్రాయము మారినది.

గత శరత్కాలమున నేను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మా అబ్బాయి యింట కొన్ని నెలలుంటిని. కృష్ణాజిల్లా తీరగ్రామమున నాయొద్ద చదువుకొన్న శిష్యుడొకడు అక్కడికి సమీపముననే ఉద్యోగము చేయుచున్నాడు. వాని తాతతండ్రులు సముద్రముపై వేటకు పోయి బ్రతికినవారు. వాడు వలను విడిచి కంప్యూటరు పట్టినను నీటిపై మమకారము మాత్రము పోలేదు. ఆ రాష్ట్రమున అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున ఐలాండ్ బీచ్ అను పొడవైన ఇసుకతిన్నె కలదు. శరదృతువున చారల బాస్ అను పెద్దచేపలు ఆ తీరము వెంబడి దక్షిణమునకు తరలిపోవును. అప్పుడు గాలపువారు ఒడ్డున బారులు తీరి నిలుతురు. ఒక ఆదివారము నా శిష్యుడు నన్ను అచ్చటికి తీసికొనిపోయెను.

వాడు బెత్తమును రెండుచేతుల పట్టి, వెనుకకు వాల్చి, బలముకొలది విసరెను. చెట్టుకొమ్మ విఱిగినట్లు ఒక చప్పుడైనది. దారము తెగెను. 4 ఔన్సుల సీసపుగుండు, అనగా సుమారు 113 గ్రాముల బరువుగలది, ముందునకు పోవుటకు మారు ప్రక్కకు దూసికొనిపోయి, ఇసుకలో ఆడుకొనుచున్న యొక బిడ్డకు నాలుగడుగుల దూరమున పాతుకొనినది. తల్లి పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకొనెను. నా శిష్యుడు నిలువున వణకిపోయెను. ఆమెకు చేతులు జోడించి క్షమాపణ చెప్పుకొని వచ్చి, ఆ దినమున మరల బెత్తము ముట్టలేదు.

"దారము పాతదేమో నాయనా" అంటిని.

"కాదు మాస్టారూ, నిన్ననే చుట్టినాను" అని వాడు బెత్తమును చేతికి తీసికొని చూచెను. చక్రమునకు దగ్గఱనున్న మొదటి వలయపు కాలికి దారము ఉచ్చువలె బిగిసియుండెను. ఆ బెత్తమును వాడు స్వయముగా కట్టుకొన్నదే. "వలయములను చూపునకు బాగున్నవని కొన్నాను మాస్టారూ. తప్పు నాదే" అని తల వంచుకొనెను.

వాని పొరుగున ఒక వృద్ధుడు గలడు. వడ్రంగముచేసి విశ్రమించినవాడు, గాలపుబెత్తములు కట్టుట ఆయనకు వ్యాసంగము. మఱుసటివారమునుండి నా శిష్యుడు ఆయన కొట్టములో పాత వలయములను విప్పివైచి క్రొత్తవి కట్టుటకు పూనుకొనెను. నేను ప్రక్కను కూర్చుండి చూచితిని. నడుమనడుమ ప్రశ్నలు వేసితిని. అచ్చట నేర్చినదానిని మీకు విన్నవింతును.

మొదట దారము చక్రమునుండి ఎట్లు వెడలునో తెలిసికొనవలయును. నూతిగిలకవలె తిరుగుచు దారము వదలు చక్రము ఒకజాతి. నా శిష్యుని చక్రము అట్టిది కాదు. విసరునపుడు అది తిరుగదు. మన సాలెవారి నాడెను స్మరింపుడు. నాడెలోని కండె కదలకయే యుండును. దారము దాని కొననుండి చుట్టలు చుట్టలుగా జాఱి, నాడెకున్న చిన్నకన్నులో దూరి వెలుపలికి వచ్చును. ఈ చక్రపు పనియు సరిగా నట్టిదే. 1905లో దీనికి హక్కుపత్రము పొందిన ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డు పట్టణపు ఉన్నిమిల్లు యజమాని యని విన్నపుడు, మనము నాడెను తలచుకొనుట నిష్కారణము కాదని తోచును.

కండెనుండి జాఱిన దారము తిన్నగా రాదు. గిఱ్ఱున తిరుగుచు వెడల్పాటి చుట్టలుగా వచ్చును. ఆ చుట్టలను క్రమముగా సన్నగిలజేసి తిన్నని గీతగా మార్చుటయే వలయముల మొదటి పని. మొదటి వలయము మిక్కిలి చిన్నదై చక్రమునకు మిక్కిలి దగ్గఱనున్నచో, చుట్టలన్నియు దానివద్ద క్రిక్కిఱిసి, ఒకటి వలయపు కాలికి తగులుకొనును. అప్పుడు దారము ఆగిపోవును, గుండు ఆగదు. ఆ రెండింటి పెనుగులాటలో తెగునది దారమే. నా శిష్యునికి జరిగినది ఇదియే. మొదటి వలయము మిక్కిలి పెద్దదైనను దోషమే. దారము అదుపులేక ఊగులాడుచు బెత్తమును కొట్టుకొనుచు పోవును, దూరము తగ్గును, వలయపు బరువొకటి వృథా.

పూర్వము కట్టువారు ఈ చుట్టలను ఒక గరాటుగా భావించి, మొదటి వలయమును 40 లేక 50 మిల్లీమీటర్లది పెట్టి, తరువాతివానిని కొంచెము కొంచెముగా చిన్నవిచేయుచు కొనవఱకు పోయెడివారు. తరువాత జపానుదేశపు ఫ్యూజీవారు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి వేఱు. అందు మొదటి వలయము అంత పెద్దది కాదు. కాని ఎత్తైన కాళ్లమీద బెత్తమునకు దూరముగా నిలుచును. దాని తరువాత రెండుమూడు వలయములు వడివడిగా చిన్నవై, దారమును ఒక్కచోట కుదించును. ఆ కుదింపుచోటునుండి కొనవఱకు మిగిలినవన్నియు ఒకేపరిమాణము గల చిన్నవలయములు. ముతక నైలాను దారము వాడువారికి మొదటి వలయము కొంచెము పెద్దదిగానే యుండవలయును. ఏలయనగా ఆ దారమునకు బిఱుసెక్కువ, చుట్ట పెద్దది. సన్నగా పేనిన మెత్తని దారమునకు చిన్నది చాలును.

ఆ కుదింపుచోటు ఎక్కడ నుండవలయును? దీనికి కట్టువారిలో ఒక సూత్రము కలదు. కండె అంచుయొక్క అడ్డుకొలతను 27చే గుణింపవలయును. వచ్చినంత దూరము కండె ముఖమునుండి కొలిచి అచ్చట మొదటి చిన్నవలయమును నిలుపవలయును. మా కండె అంచు 68 మిల్లీమీటర్లు. 27చే గుణించిన 1836. అనగా సుమారు 6 అడుగులు. మఱియొక మార్గము ఇంతకంటె సులభము. చక్రము బెత్తమునకు సమాంతరముగా నుండక కొంచెము పైకి చూచుచుండును. దాని ఇరుసుగీతను కంటితో ముందునకు సాగదీసిన, ఆ గీత ఎచ్చట బెత్తమును తాకునో అదియే కుదింపుచోటు. రెండు మార్గములును ఆరంభమునకే పనికివచ్చును. నిర్ణయము చేయవలసినది పరీక్షయే.

ఇక బరువు సంగతి. బెత్తముకొనయందు కట్టిన ప్రతి చిన్నబరువును విసరువాని చేతికి తెలియును. వంగిన బెత్తము చప్పున తిన్ననగుటచేతనే గుండు దూరముపోవును. కొన బరువెక్కిన కొలది అది బద్ధకముగా లేచును. కావున కొనవైపు వలయములు సాధ్యమైనంత చిన్నవిగను తేలికగను ఉండవలయును.

అట్లయిన మిక్కిలి చిన్నవే పెట్టవచ్చునుగదా యందురేమో. ఇచ్చటనే ముడి యడ్డువచ్చును. విసరునపుడు గుండు లాగు ఊపునకు సన్నదారము ఆగదు. అందుచే దాని చివర కొంత పొడవు ముతకదారమును ముడివేయుదురు. గుండు బరువునందు ఔన్సు ఒక్కింటికి 10 పౌనుల సత్తువగల దారము వేయవలయునని గాలపువారి కట్టుబాటు. 4 ఔన్సులకు 40 పౌనులు, 6 ఔన్సులకు 60 పౌనులు. విసరుటకు ముందు ఈ ముతకదారము కండెపై అయిదాఱుచుట్లు ఉండితీరవలయును. అనగా ఆ ముడి ప్రతి విసరునందును వలయములన్నిటిలో దూరిపోవలయును. ముడి పట్టని వలయము ఎంత తేలికయైనను ఏమి ప్రయోజనము? అది మరల గుండును ప్రాణాంతకముచేయును.

కావున వలయపు చిన్నతనమునకు హద్దు ముడియే. వృద్ధుడు మొట్టమొదట నా శిష్యునిచేత ముడి వేయించెను. పిమ్మట దానిని ఒక్కొక్క వలయమున దూర్చిచూపెను. మఱియొక సూక్ష్మము. 12 అని పేరుగల వలయమున కన్ను 12 మిల్లీమీటర్లుండదు. ఆ సంఖ్య వలయపు వెలుపలి కొలత. లోపలి రాతిమందము పోగా మిగిలినదే కన్ను. అంకెను చూచి కొనక, ముడిని చేతబట్టుకొని కొనవలయును. నాచు ఎక్కువగా తేలు నీటను, చలికి దారముపై మంచుగట్టు దేశములందును ఇంకొక మెట్టు పెద్దది మేలు.

రాతిమందమంటిని. అవును, ఈ లోహపు వలయముల లోపల రాయివంటి కఠినపదార్థపు కడియము పొదుగబడియుండును. దారము నిత్యము ఒరసికొనుటచే మెత్తని లోహమునందు గాడి పడును. గాడి పడినచో అదియే కత్తియై దారమును కోయును. నూతిఒరపైని చేంతాటి గాడులను మీరు చూచియే యుందురు. పూర్వము అకీకు రాతిని వాడిరి. ఇప్పుడు ఎక్కువగా వాడునది కృత్రిమముగా చేసిన కురువిందము. ఇది మన మాటయే. ఇంగ్లీషువారి కొరండమను పదము దక్షిణదేశపు కురువిందమునుండి పుట్టినది. మన కెంపును నీలమును ఈ జాతివే. సానరాళ్లలోని పదునును ఇదియే. దీనికంటె కఠినమైనది సిలికాన్ కార్బైడు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ అనునాతడు బంకమట్టిని బొగ్గుపొడితో కలిపి విద్యుత్తుచే కాల్చగా అది దొరకెను. కార్బొరండపు సానలనునవి దీనితో చేసినవే. దారపు టొరపిడికి పుట్టు వేడిని ఇది త్వరగా చెదరగొట్టును, నునుపు హెచ్చు, వెలయు హెచ్చు. ధనము కొలదిగా నున్నవాడు మొదటి వలయమునకును కొనవలయమునకును దీనిని తీసికొని, తక్కినవానికి కురువిందము వాడుకొనవచ్చును. ఒరపిడి ఎక్కువగా నుండునవి ఆ రెండే.

ఎంత కఠినమైనను రాయి రాయియే. రాతిగట్టునకు తగిలిన వెంట్రుకవంటి పగులు పడును. కంటికి కనబడదు, దారమును మాత్రము కోయును. దీనికి పరీక్ష మిక్కిలి సులభము. కొంచెము దూదిని పుల్లకు చుట్టి వలయపు లోపల త్రిప్పవలయును. పగులున్నచోట దూదిపోగు చిక్కుకొనును. ఏటికొకమాఱైనను ఈ పరీక్ష చేయవలయును.

చట్రపు లోహమును గూర్చి రెండుమాటలు. ఉప్పునీరు లోహమునకు శత్రువు. పైపూతతో మెఱయు చౌకవలయములు ఒకటిరెండు ఋతువులలో పూత లేచి చెడును. మంచి తుప్పుపట్టని ఉక్కు చాలును. టైటానియము దానికంటె తేలిక, దానికి తుప్పన్నది లేదు, కాని వెల అధికము. ఏదైనను ఇంటికి వచ్చినవెంటనే మంచినీట కడుగుటకు మించిన రక్ష లేదు. ఇక కాళ్లు. ఒంటికాలి వలయము తేలిక, బెత్తపు వంపునకు అడ్డుపడదు, కొనవైపు పనికివచ్చును. రెండుకాళ్లది దృఢము, క్రిందివైపు, దెబ్బలు తగులుచోట, అదియే తగును. చట్రము కొనవైపునకు వాలియున్న వలయములు ఇప్పుడు దొరకుచున్నవి. వానిపై దారము ఉచ్చుపడినను ముందునకు జాఱిపోవుటకు వీలు. నా శిష్యుడు తన మొదటి మూడింటికి ఇట్టివే ఎన్నుకొనెను. కొన్నపిమ్మట కాలికొనలను ఆకురాయితో పలుచగా అరగదీయవలయును. అట్లు చేయనిచో కట్టుదారము కాలిపైకి సాఫీగా ఎక్కదు. పదునైన కాలికొన బెత్తమును గీయును. గీత పడినచోటనే బెత్తము విఱుగును.

వలయములు ఎన్ని? ఎక్కువైన బరువు, తక్కువైన దారము వలయమునకు వలయమునకు నడుమ మూలలు తిరిగి, బరువంతయు ఒక్కచోట పడును. లెక్క చెప్పునది బెత్తపు వంపే. మా 11 అడుగుల బెత్తమునకు కొనవలయము గాక ఏడు కుదిరినవి: 30, 20, 16, పిమ్మట 12వి నాలుగు. వానిని మొదట కట్టలేదు, అంటుకాగితముతో అంటించితిమి. దారము దూర్చి, దాని చివర నీళ్లసీసా కట్టి, బెత్తమును వంచి చూచితిమి. దారము బెత్తపు వంపును అనుసరించి నీటివాలుగా సాగుచున్నదా, ఎచ్చటనైన ముక్కుగా విఱుగుచున్నదా యని పరిశీలించి, మూడుమాఱులు స్థలములు మార్చితిమి. కొనకు దగ్గఱైన కొలది వలయముల నడిమి దూరము తగ్గుచు వచ్చెను. బెత్తముపైన అమర్చి, తిరుగుచు దారము వదలు చక్రము వాడువారికి వలయములు బెత్తముపైననే నిలుచును గావున, వంగినపుడు దారము బెత్తమును తాకకుండుటకు ఒకటిరెండు ఎక్కువ వలయును.

ఆపై జనములేని మైదానమున మెల్లగా నాలుగుమాఱులు విసరి చూచి, అప్పుడు కట్టు ఆరంభించిరి. నైలానుపోగును బిగువుగా, చుట్టు ప్రక్కన చుట్టు ఒత్తిగా కట్టి, దానిపై పలుచని జిగురుపూత పూసి, కాఱిపోకుండ ఆఱువఱకు బెత్తమును త్రిప్పుచుండవలయును. కొనవలయమును మాత్రము ఆ గట్టిజిగురుతో అంటింపరాదు. వేడికి కరగు జిగురుతో అంటింపవలయును. పగిలినపుడు కొంచెము వేడిచూపి ఊడదీయవచ్చును.

నేను ఆ వృద్ధుని అడిగితిని: "ఇంత పరీక్ష అవసరమా? అనుభవముచేత మీకు స్థలములు తెలియవా?" ఆయన నవ్వి చెప్పినదానిని నా శిష్యుడు తెలుగున చెప్పెను: "తెలుసునని కట్టిన బెత్తములను విప్పి కట్టుటలోనే తన వార్ధక్యము గడచుచున్నదంటున్నారు మాస్టారూ." పద్యమునకు గణములు తెలిసిననే చాలదు, పైకి చదివి చూడవలయునని నా గురువుగారు చెప్పెడివారు. ఆ మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

కార్తికమున మరల ఆ తిన్నెకే పోయితిమి. నా శిష్యుడు ముందు వెనుకలను, రెండుప్రక్కలను చూచుకొని, జనమునకు దూరముగా నిలిచెను. చేతులు కొంచెము వణకుచుండుట నాకు కనబడెను. విసరెను. ముడి వలయములలో దూరిపోవు చిన్నచప్పుడు వినబడినది. గుండు మూడవ కెరటమునకు ఆవల, వాడు చూచినచోటనే పడెను. ఆ దినమున ఒక్క చేపయు పడలేదు. అయినను వాని ముఖమున నేను చూచిన నిశ్చింత పెద్దచేప పట్టినవానికిని ఉండదు.

మన తీరమున వేటకు వలయే ప్రధానము. అయినను ఇట్టి బెత్తములు నేడు మన యొడ్డులకును వచ్చుచున్నవి. మీ మనుమని చేత అట్టిది కనబడినచో దాని రంగును మెచ్చుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ముడి అన్ని వలయములలో తడబడక దూరుచున్నదా? బెత్తమును వంచినపుడు దారము మూలలు తిరుగక సాగుచున్నదా? వలయపు లోపల త్రిప్పిన దూది చిక్కుకొనక వచ్చుచున్నదా? ఈ మూడింటికిని ఔనన్నవాడు విసరవచ్చును. పిమ్మట నాలుగవది ఒకటి కలదు. దానికి వలయములతో పనిలేదు. నీ వెనుక ఎవరున్నారు నాయనా, యని అడుగుడు.